నల్లా కాడి కొట్లాటకు రక్షిత హోదా

గోనెసంచుల బస్తీలో నల్లా దగ్గర బాలమణి గొంతు లేచిందంటే చాలు, ఎదురుగా ఉన్న శ్రామిక్ హైట్స్‌లో కిటికీలు తెరుచుకునేవి. ఇంకెక్కడైనా అలాంటప్పుడు కిటికీలు మూసుకుంటారు. కానీ ఆ భవనంలో ఫ్లాట్లు కొన్నవాళ్లు బ్రోషరు చదివి మరీ కొన్నారు. "కష్టజీవుల సందడి నడుమ సకల సౌకర్యాల జీవితం" అని దాని అట్టమీద బంగారు అక్షరాల్లో ఉంది. సందడి కూడా కలిపే కదా రేటు కట్టారు! అందుకని చాయ్ కప్పులు పట్టుకుని బాల్కనీల్లోకి వచ్చి, తమ వాటాకు వచ్చినంత సందడి విని లోపలికి పోయేవాళ్లు.

ఒకప్పుడు అక్కడ గోనెసంచుల మిల్లు ఉండేది. మిల్లు మూతపడింది. యంత్రాలు తుక్కుకు పోయాయి, స్థలం బిల్డరుకు పోయింది. మిల్లులో పనిచేసినవాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేక ఎదుటి కిరాయి రేకుల ఇళ్లలో మిగిలిపోయారు. బిల్డరు మంచి మనిషి. వాళ్ల కష్టాన్ని తలుచుకుని తన భవనానికి శ్రామిక్ హైట్స్ అని పేరు పెట్టాడు. ఆ శ్రామికులు లోపలికి రాకుండా గేటు దగ్గర ఇద్దరు సెక్యూరిటీవాళ్లను కూడా పెట్టాడు.

బాలమణి పాత గోనెసంచులకు మాసికలు వేసి మార్కెట్‌యార్డుకు అమ్ముతుంది. భర్త పోశెట్టి ట్రాలీ ఆటో నడుపుతాడు. అత్త లచ్చవ్వ తుంటి విరిగి మంచంలో ఉంది. బస్తీ అంతటికీ వీధి మొదట్లో ఒక్కటే నల్లా. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు కాసేపే ఉంటాయి. రెండిళ్ల అవతలి అనసూయకూ బాలమణికీ అక్కడ జరిగే కొట్లాట, బిందె ఎవరిది ముందు అన్న దగ్గర మొదలై, ఎవరి పెళ్లిలో ఎవరికి మాంసం తక్కువ పడిందో అక్కడిదాకా వెళ్లేది. నీళ్లు ఆగగానే కొట్లాట కూడా ఆగేది. బాలమణికి మోకాళ్లు అరిగి వంగి లేవడం కష్టం. అందుకని అనసూయ తన బిందె పక్కన పెట్టి, ముందు బాలమణి బిందెను ఎత్తి ఆమె చంకకు పెట్టేది.

"మెల్లగ పో వదినె" అనేది అనసూయ.

"పచ్చిపులుసు జేస్తున్న, నీ బిడ్డ మౌనికను గిన్నె వట్టుకొని రమ్మను" అనేది బాలమణి.

ఈ చివరి భాగం బాల్కనీలదాకా వినపడేది కాదు.

ఆ వేసవిలో బాలమణికి మోకాళ్లు మరీ మొరాయించాయి. లచ్చవ్వను కడగాలి, పక్కబట్టలు ఉతకాలి, దానికి ఎన్ని బిందెలైనా చాలవు. ఇంట్లోకే నల్లా పెట్టించుకుందామని వార్డు ఆఫీసుకు వెళ్లి అర్జీ పెట్టింది. అక్కడివాళ్లు ఆమెను మేడమీదికి పంపారు. మేడమీద కొత్తగా బోర్డు వేలాడుతోంది: బస్తీ స్వభావ పరిరక్షణ విభాగం.

నగరం మారిపోతోందనీ, కష్టజీవుల పేటలు తమ స్వభావాన్ని కోల్పోతున్నాయనీ పెద్దలు చాలాకాలంగా బాధపడుతున్నారు. ప్రభుత్వం ఎంతకాలమని ఆ బాధ చూస్తూ ఊరుకుంటుంది? స్వభావాన్ని కాపాడడానికి ఒక విభాగం పెట్టింది. దానికి పరాంకుశం గారిని ప్రత్యేక స్వభావాధికారిగా నియమించింది. ఆయన అంతకుముందు వీధికుక్కల విభాగంలో ఉండేవారు.

పరాంకుశం గారు అర్జీని రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"అమ్మా, మీరు ఉమ్మడి నల్లా అనే సామాజిక వేదిక నుంచి వైదొలగాలని అభిలషిస్తున్నారు. కారణం?"

"మోకాళ్లు సార్."

"మోకాళ్లు వ్యక్తిగతం. నల్లా సామూహికం. మీ బస్తీని నిన్ననే రక్షిత స్వభావ ప్రాంతంగా ప్రకటించాం. మా సర్వేలో మీ బస్తీ ప్రధాన స్వభావం ఏమని తేలిందో తెలుసా?"

"ఏందో మీరే జెప్పుండ్రి."

"నల్లా వద్ద కలహం. అందులో కూడా మీదీ, అనసూయ గారిదీ విశిష్ట శ్రేణి. ఇలాంటి సంపద ఉంచుకుని ఇంట్లోకి నల్లా అడుగుతారా? రేపు ఆవిడ కూడా అడుగుతుంది. అప్పుడు కలహానికి స్థలమేది? భావితరాలకు మనం ఏం మిగులుస్తాం?"

"మా అత్త మంచంల వడ్డది సార్. నీళ్లు మోసి మోసి నా పానం వోతున్నది. నేను కొట్లాడేది నీళ్లు సాలక సార్, షోకుకు కాదు."

"అదే! ఆ సహజత్వమే మేం కాపాడాలనుకునేది" అని పరాంకుశం గారు ఆనందంగా అర్జీమీద 'తిరస్కరించడమైనది' అని రాశారు.

ఆ వారమే బస్తీ మొదట్లో రాతిపలక వెలిసింది. నల్లా చుట్టూ ఇనుప గొలుసు కట్టారు. చూడడానికి వచ్చేవాళ్లకోసం ఎదురుగా సిమెంటు బల్లలు వేశారు. బల్లలకు నీడ కావాలని పైన రేకులు వేశారు. ఆ రేకులు చూసి, తన ఇంటిమీద చిల్లుపడిన రేకు మార్చుకుందామని ఒకాయన నిచ్చెన వేస్తే పరాంకుశం గారు పరుగెత్తుకొచ్చి దింపారు. రేకు మార్చుకోవచ్చట, కానీ కొత్త రేకు కూడా పాత రేకు కారినచోటే కారాలట. ఆ ఇంటాయన నిచ్చెన తీసేసి కింద గిన్నె పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి వంతు అనసూయ ఇంటికి వచ్చింది. ఆమె కూతురు మౌనిక చదువు పూర్తిచేసి ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరింది. మొదటిరోజు తెల్లకోటు వేసుకుని బస్తీలోంచి నడిచి వెళుతుంటే ఇళ్లముందు అందరూ నిలబడి చూశారు. అనసూయ ఎవరికీ కనపడకుండా కళ్లు తుడుచుకుంది. సాయంత్రం పరాంకుశం గారు వచ్చారు.

"అమ్మాయి ఉద్యోగానికి మా అభినందనలు. అయితే తెల్లకోటు ఈ బస్తీ రూపురేఖల్లో లేదు. వీధి చివర వేసుకుని, వీధి చివరే విప్పాలి. ఇంకొక విషయం. ఒక కుటుంబం స్వభావాన్ని మించి ఎదిగినట్టు తేలితే వారిని ఊరిబయట ఎదుగుదల కాలనీకి గౌరవంగా తరలిస్తాం. ప్రస్తుతానికి ఎదగలేదనే రాసుకుంటున్నాను. అలాగే ఉండండి."

ఎదుగుదల కాలనీకి బస్సు లేదు. ఉన్న ఒక్క షేర్ ఆటో కూడా పొద్దుగూకితే రాదు. మౌనిక ఆసుపత్రి నగరం ఇటువైపు ఉంది. ఆ పిల్ల మర్నాటి నుంచి కోటును మడిచి కూరగాయల సంచిలో పెట్టుకుని, దొంగలా వెళ్లి వచ్చేది. అనసూయ బాలమణి గడపమీద కూర్చుని ఏడ్చింది.

"బిడ్డ సదివితె మురిసిపోవాల్నా, దాసిపెట్టాల్నా వదినె?"

బాలమణికి సంచికి కుట్టు వేస్తూ వేస్తూ సూది వేలికి గుచ్చుకుంది. పరాంకుశాన్ని తిట్టింది. ఆ తిట్లు సర్వేలో లేనివి.

ఇంతలో ఆదివారాలు జనం రావడం మొదలైంది. మెడలో కెమెరాలు, చేతిలో నీళ్ల సీసాలు. శ్రామిక్ హైట్స్ సంఘం అధ్యక్షుడు విద్యాధర్ గారు వాళ్లను స్వయంగా వెంటబెట్టుకుని వచ్చేవారు. పెద్ద బ్యాంకులో పెద్ద పదవి చేసి రిటైరైన మనిషి. ఖద్దరు లాల్చీ వేసుకుంటారు. కొట్లాట పేరు చెప్పి తమ ఫ్లాట్ల ధర ఎంత పెరిగిందో ఆయనకు బాగా తెలుసు.

"అసలైన జీవితం అంటే ఇదండీ. మనం పోగొట్టుకున్నదంతా వీళ్ల దగ్గర ఉంది" అని ఆయన వచ్చినవాళ్లకు చెప్పేవారు. పోగొట్టుకున్నందుకు ఆయన ముఖంలో తృప్తి కనిపించేది.

చిక్కేమిటంటే, ఎదురుగా బల్లలమీద మనుషులు కూర్చుని చూస్తుంటే ఆడవాళ్లకు కొట్లాట రాలేదు. అనసూయ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. బాలమణి తల వంచుకుని బిందె నింపుకునేది. పరాంకుశం గారు ఆందోళన పడ్డారు.

"మునుపటితో పోలిస్తే కలహ నాణ్యత పడిపోతోంది. బాలమణి గారూ, సర్వే రోజున 'నీ నోట్ల మన్నువడ' అన్నారు. ఈవేళ 'జరుగమ్మా' అన్నారు. ఇది స్వభావ క్షీణత కాదా?"

"నువ్వు ఎదురుంగ నిలవడితె తిట్లన్నీ నీకే రావట్టె సార్. అనసూయకు మిగుల్తలేవు" అంది బాలమణి.

ఆయన అది కూడా రాసుకున్నారు.

వేసవి ముదిరింది. ఢిల్లీ నుంచి జాతీయ స్వభావ నిర్ధారణ సంఘం వస్తోందని కబురు వచ్చింది. వాళ్లు మెచ్చుకుంటే గోనెసంచుల బస్తీకి శాశ్వత హోదా. అంటే ఇక ఎప్పటికీ ఇంటికి నల్లా రాదు, రేకు మారదు, ఆడపిల్ల తెల్లకోటు వేసుకుని వీధిలో నడవదు. పరాంకుశం గారికి మాత్రం పెద్ద పదవి వస్తుంది.

ఆయన బాగా ఆలోచించారు. కొట్లాట బలహీనపడడానికి మూలకారణం దాహం చాలకపోవడమని తేల్చారు. సంఘం రావడానికి నాలుగు రోజుల ముందే వీధి కింది వాల్వు మూయించారు. ట్యాంకర్లు కూడా ఆ వీధిలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చారు, ట్యాంకరు బస్తీ రూపురేఖల్లో లేదు కనుక.

ఆ నాలుగు రోజులూ బస్తీ ఎలా బతికిందో బస్తీకే తెలుసు. పోశెట్టి ట్రాలీలో డ్రమ్ములు వేసుకుని ఎక్కడెక్కడో తిరిగి తెచ్చిన నీళ్లు తాగడానికే సరిపోలేదు. మౌనిక ఆసుపత్రి నుంచి క్యాన్లలో మోసుకొచ్చింది. ఆ ఎండల్లో లచ్చవ్వ పక్క తడిపేసుకుంటే కడగడానికి నీళ్లు లేవు. ముసలామె గోడవైపు తిరిగి, "నన్నేడన్న పారెయ్యిండ్రే" అంది. అనసూయ తన ఇంట్లో మిగిలిన సగం బిందె తెచ్చింది. ఇద్దరూ కలిసి తడిగుడ్డతో ఆమె ఒళ్లు తుడిచారు.

"అనసూయా, గీళ్లకు మన కొట్లాటనే గావాలె గదా" అంది బాలమణి.

"అవు."

"ఇయ్యొద్దు. సచ్చినా ఇయ్యొద్దు. రేపు ఎవ్వరన్న నోరు లేపితె నాతోని మాటలుండయని అందరికి జెప్పు."

"నువ్వుంటవా వదినె నోరు మూసుకోని?" అని అనసూయ అనుమానంగా చూసింది.

"మా అత్త మీద ఒట్టు" అంది బాలమణి. లచ్చవ్వ మంచంమీంచి, నా మీద ఒట్టు వేయడమేమిటని తిట్టింది.

మర్నాడు సంఘం వచ్చింది. అధ్యక్షురాలు డాక్టర్ హిరణ్మయి గారు చేనేత చీర కట్టుకుని, ఎండకు గొడుగు పట్టుకుని బల్లమీద కూర్చున్నారు. పక్కన ఇద్దరు సభ్యులు. పరాంకుశం గారు వాల్వు దగ్గరున్న మనిషికి చేత్తో సైగ చేశారు. నల్లా దగ్గి, బురద కక్కి, నీళ్లు వదిలింది.

నాలుగు రోజుల దాహంతో ఉన్న ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వచ్చారు. వచ్చి, ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.

"మీరు వట్టుకోండ్రి అక్కా" అంది మొదటి ఆమె.

"అయ్యో, మీకు పసిపిల్ల ఉన్నది. ముందు మీరే" అంది రెండో ఆమె.

బాలమణి అనసూయకు రెండు చేతులూ జోడించింది. "దయచేసి మీరు వట్టుకోండ్రి అనసూయమ్మ గారూ."

"మీ తర్వాతనే బాలమణమ్మ గారూ" అంది అనసూయ నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ.

పరాంకుశం గారి నుదుటి మీద చెమటలు పట్టాయి. ఆయన వరసలోకి దూరి, బాలమణి చెవి దగ్గర గుసగుసగా వేడుకున్నారు. "అమ్మా, ఒక్క మాట. మన్నువడ అనండి చాలు."

"మర్యాద తప్పి మాట్లాడరాదు సార్" అని బాలమణి అందరికీ వినపడేలా చెప్పింది.

హిరణ్మయి గారు ముఖం చిట్లించారు. "ఇక్కడ క్రమశిక్షణ తప్ప నాకు ఏ స్వభావమూ గోచరించడం లేదు. ఇలాంటి వరస ఏ పాస్‌పోర్టు ఆఫీసు దగ్గరైనా ఉంటుంది. దీనికోసం నన్ను ఇంత దూరం రప్పించారా?"

సరిగ్గా అప్పుడే శ్రామిక్ హైట్స్ గేటు తెరుచుకుంది.

పరాంకుశం గారు ఒక చిన్న సంగతి మరిచిపోయారు. ఆయన మూయించిన వాల్వు నుంచే ఆ భవనానికి కూడా నీళ్లు పోతాయి. వాళ్ల బోరు ఎండాకాలం మొదట్లోనే ఎండిపోయింది. ట్యాంకర్లను ఉత్తర్వు ఆపేసింది. మూడు రోజులు సంపులో అడుగునున్న నీళ్లతో గడిపి, నాలుగో రోజు సీసాలు కొనుక్కుని స్నానాలు చేసి, ఇప్పుడు నల్లాలో నీళ్లు చూసేసరికి ఆగలేకపోయారు. రంగురంగుల బకెట్లతో, కుక్కర్లతో, పిల్లల స్నానాల తొట్టితో దిగి వచ్చారు. గొలుసు దాటారు. ముందు విద్యాధర్ గారు.

బస్తీ ఆడవాళ్లు చక్కగా పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"అధ్యక్షుణ్ణి నేను. ముందు నా బకెట్!" అన్నారు విద్యాధర్ గారు.

"అధ్యక్షుడివైతే మీటింగులో! మూడు బాత్రూములకు మెయింటెనెన్సు ఎగ్గొట్టి ఇక్కడ ముందుకొస్తావా?" అని రెండో అంతస్తు ఆవిడ ఆయన బకెట్‌ను కాలితో తన్నింది.

"నోరు అదుపులో పెట్టుకో! మీ కుక్క లిఫ్టులో చేసిన పని నేను కదా కడిగించింది!"

"కడిగించావులే, సంఘం డబ్బుతో! ఆ డబ్బుతోనే కదా మీ అల్లుడికి కారు కొన్నావు!"

ఎవరో ఎవరి కుక్కర్‌నో లాగారు. దాని మూత ఊడి వెళ్లి పరాంకుశం గారికి తగిలింది. విద్యాధర్ గారి ఖద్దరు లాల్చీ భుజం దగ్గర చిరిగింది. తొట్టి ఉన్న ఆవిడ అందులో నిలబడి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా అందరి మీదా నీళ్లు చల్లింది. తొమ్మిదో అంతస్తు ఇంజినీరు పదకొండో అంతస్తు డాక్టరును జుట్టు పట్టుకున్నాడు. పాత పార్కింగు గొడవలన్నీ బయటికి వచ్చాయి.

హిరణ్మయి గారు గొడుగు పారేసి లేచి నిలబడ్డారు. ఆవిడ కళ్లు చెమర్చాయి.

"ఎంత సహజం! ఎంత నిసర్గం! రాసుకోండి, రాసుకోండి!"

నెల తిరగకుండా తీర్పు వచ్చింది. శ్రామిక్ హైట్స్‌ను శాశ్వత రక్షిత స్వభావ ప్రాంతంగా ప్రకటించారు. ఫ్లాట్ల లోపలి కుళాయిలు స్వభావానికి విరుద్ధం కనుక మూసేసి సీలు వేశారు. అందరూ కింద ఉమ్మడి నల్లా దగ్గరే పట్టుకోవాలి. నీళ్లు మోసుకుని మెట్లెక్కడం ఆ కలహంలో భాగమని నిపుణులు చెప్పడంతో లిఫ్టు ఆపేశారు. రంగులు వేయించుకోవాలన్నా, చిరిగిన లాల్చీ మార్చుకోవాలన్నా విభాగం అనుమతి కావాలి. విద్యాధర్ గారు హైకోర్టుకు వెళదామన్నారు. కోర్టుకు వెళ్లడం ఎదుగుదల కిందికి వస్తుందేమో చూసి చెబుతామని విభాగం వాళ్లు అన్నారు. పరాంకుశం గారికి పదోన్నతి వచ్చింది. ఆయన ఆఫీసును వాళ్ల క్లబ్‌హౌసులోకే మార్చుకున్నారు.

గోనెసంచుల బస్తీ గురించి తీర్పులో ఒక్క వాక్యమే ఉంది. ఏ స్వభావమూ లేని సాధారణ ప్రాంతం. సాధారణ ప్రాంతానికి సాధారణ నియమాలు వర్తిస్తాయి కనుక, అర్జీ పెట్టినవాళ్ల ఇళ్లకు నల్లాలు వచ్చాయి. ఎవరి రేకు వాళ్లు మార్చుకున్నారు. మౌనిక తెల్లకోటు వేసుకుని వీధి మధ్యలోంచి నడిచి వెళ్లింది. ఆ వెనకే కొత్త కిరాయిలు అడగడానికి ఇంటి ఓనర్లు కూడా వచ్చారు. అది కూడా సాధారణ నియమమే. అనసూయ మౌనిక జీతంతో కిరాయి పెంచి కట్టి ఉండిపోయింది. చివరి వరసలోని రెండు కుటుంబాలు ఖాళీచేసి వెళ్లిపోయాయి.

బాలమణి మొదటిరోజు నల్లా తిప్పి, వచ్చే నీళ్లకింద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. లచ్చవ్వకు తలంటింది. ముసలామె ఎన్నాళ్ల తర్వాతో గోడవైపు కాక వీధివైపు తిరిగి పడుకుంది. ఆ ఆనందంలో బాలమణి పక్కబట్టలన్నీ ఉతికింది, ఇల్లు కడిగింది, వాకిలి కడిగింది. వారంపాటు కడుగుతూనే ఉంది. ఆ వారంలో అనసూయ ముఖం ఒక్కసారి కూడా చూడలేదని ఆమెకు తోచనే లేదు.

ఎనిమిదోరోజు పొద్దున అనసూయ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వచ్చింది.

"ఏం వదినె, నల్లా వచ్చిందని నీళ్లన్నీ నా గడపలకు వంపుతున్నవా? నా ఇల్లు మోరీ లెక్క గొడ్తున్నదా నీకు?"

"వాలు గటున్నది, నేనేం జెయ్యాలె? నీళ్లను బుజ్జగించి ఎనుకకు పొమ్మందునా?"

"మోరీ తవ్వుకో! మొగడున్నడు గదా, పార వట్టమను!"

"నా మొగని మాట తియ్యకు! నీ బిడ్డ పెండ్లైనప్పుడు మంటపం నీళ్లల్ల తేలాలె!"

"నీ నోట్ల మన్నువడ!"

చాలా నెలల తర్వాత గొంతులు నిండుగా లేచాయి. లచ్చవ్వ మంచంమీంచి అనసూయ పక్షాన ఒక మాట, కోడలి పక్షాన ఒక మాట అందించింది. శ్రామిక్ హైట్స్ మెట్లమీద బకెట్లు దింపి జనం ఆగారు. క్లబ్‌హౌసులోంచి పరాంకుశం గారు పెన్ను తెరుచుకుంటూ వీధిలోకి పరుగెత్తుకొచ్చి, వాకిట్లో ఆగి, ఆశగా చూశారు.

ఇద్దరూ ఒక్కసారే ఆయన్ను చూశారు. ఒక్కసారే మాట ఆపారు.

"లోపలికి రా వదినె" అంది బాలమణి.

అనసూయ గడప దాటి, తలుపు రెక్క పట్టుకుంది.

"గడియ పెట్టు. లోపల కొట్లాడుకుందం."